ఎలాగూ ఒకరు చావాల్సిందే అయితే నన్ను అడగడం ఎందుకు? (మాస్ ఎఫెక్ట్‌తో పాటు చాలా గేముల స్పాయిలర్లు ఉన్నాయి)

కర్నూలు_కమాండర్
మాస్ ఎఫెక్ట్ మూడు భాగాలూ కలిపిన లెజెండరీ ఎడిషన్ డిస్కౌంట్‌లో దొరికితే కొన్నాను. 2007 నాటి మొదటి మాస్ ఎఫెక్ట్ ఇప్పటిదాకా ఆడలేదు. నిన్న రాత్రి విర్మైర్ అనే గ్రహం మీది మిషన్ పూర్తయింది, ఇంకా మండుతూనే ఉంది నాకు.

తెలియనివాళ్ల కోసం: విలన్ సేరెన్ స్థావరాన్ని అణుబాంబుతో పేల్చాలి. మన జట్టులోని కైడన్, ఆష్లీ ఇద్దరిలో ఒకరిని సలేరియన్లనే గ్రహాంతరవాసుల జట్టుతో పంపమంటారు. రెండోవాళ్లు బాంబు దగ్గరికి వెళ్తారు. కాసేపటికి రెండు చోట్లా గెత్‌లనే రోబోలు చుట్టుముడతాయి. ఎవరి దగ్గరికి వెళ్తావో తేల్చుకోమంటుంది గేమ్. మనం వెళ్లని చోట ఉన్నవాళ్లు పోతారు. మూడో దారి లేదు.

నా కోపం చావు మీద కాదు. అదే గ్రహం మీద, అంతకు కాస్త ముందు, నా జట్టులోని రెక్స్ (క్రోగన్ అనే జాతివాడు) నా మీదకి తుపాకీ ఎత్తాడు. మాట్లాడి ఒప్పించాను, బతికాడు. మాటతో ఒప్పించే చార్మ్ పాయింట్లు పెంచుకున్నది ఇందుకే కదా అని ఎంత సంతోషపడ్డానో. మాటతో ప్రాణం కాపాడొచ్చని నాకు నేర్పింది ఈ గేమే. గంట తిరక్కుండానే ఇక్కడ నీ పాయింట్లు చెల్లవంటే ఎలా? ఒకరిని చంపాలని ముందే రాసుకున్నప్పుడు వాళ్లే చంపేయొచ్చు. నా చేత బటన్ నొక్కించడం దేనికి?

మీకు ఏ గేమ్‌లో ఇలా అనిపించింది?

బెజవాడ_బార్డ్
నొక్కించడానికే ఆ సీన్ రాశారు బ్రో. వాళ్లే చంపేస్తే సేరెన్‌ని నాలుగు తిట్లు తిట్టి ముందుకు వెళ్లిపోయేవాడివి. నువ్వు ఎంచుకున్నావు కాబట్టే పొద్దున్నే వచ్చి ఇంత పోస్ట్ రాశావు. ఇంతకీ ఎవరిని వదిలేశావు?

కర్నూలు_కమాండర్
కైడన్‌ని. ఆష్లీ బాంబు దగ్గర ఉంది. బాంబు పేలకపోతే వచ్చిన పనే దండగ కదా అని అటు వెళ్లాను.

ఓరుగల్లు_రోగ్
మిషన్ కోసమే అని అందరూ అంటారు. రొమాన్స్ ఎవరితో నడుస్తోందో అది చెప్పు ముందు.

కర్నూలు_కమాండర్
లియారాతో అన్నా. వీళ్లిద్దరూ నాకు సమానమే.

పాత_డిస్క్
ఫైనల్ ఫాంటసీ 7 కాలం నాటివాణ్ణి నేను. 1997. జట్టులోని ఏరిత్ పోయేటప్పుడు మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. మొదటి డిస్క్ చివర ఆమె మోకాళ్ల మీద కూర్చుని ప్రార్థిస్తుంటే విలన్ సెఫిరాత్ పైనుంచి దిగి కత్తి దింపుతాడు.

దానికి ముందు ఒక చిన్న ఘట్టం ఉంటుంది, చాలామంది మర్చిపోతారు. హీరో క్లౌడ్ ఆమె ఎదురుగా నిలబడతాడు. కంట్రోలర్ మన చేతిలోనే ఉంటుంది. కానీ ఏ బటన్ నొక్కినా క్లౌడ్ ఆమె మీదకి కత్తి ఎత్తడం వైపే కదులుతాడు. పక్కనున్నవాళ్లు అరిస్తే ఆగుతాడు. వేళ్లు మనవే, మనిషి మన మాట వినడం లేదు. ఆ తర్వాత వెంటనే జెనోవాతో యుద్ధం, వెనక బాస్ ఫైట్ పాట బదులు ఏరిత్ పాటే మోగుతూ ఉంటుంది. ఆమెకు పెట్టిన మెటీరియా (శక్తులిచ్చే మణులు) అంతా తిరిగి మన సంచిలోకి వచ్చి చేరుతుంది. మనిషి రాదు.

నాకు అక్కడ మోసం అనిపించలేదు. బాధ అనిపించింది. ఈ రెండూ వేరు, కర్నూలు తమ్ముడు చెప్తున్నది కూడా అదేననుకుంటా.

మానుకోట_మేజ్
పాత_డిస్క్ గారు చెప్పిన దానికి చిన్న చేర్పు. అప్పట్లో ఏరిత్‌ని బతికించే చిట్కాలని ఎన్ని పుకార్లో. ఫలానా వస్తువు తెస్తే లేస్తుంది, ఫలానా చోట నిలబడితే లేస్తుంది... అన్నీ అబద్ధాలే. 2024లో ఆ గేమ్ రీమేక్‌లో రెండో భాగం రీబర్త్ వచ్చినప్పుడు కూడా ఈసారైనా బతికిస్తారేమోనని జనం ఎదురుచూశారు. 27 ఏళ్లు! అడగకుండా చంపినా ఆటగాడు ఊరుకోడు. ఎంపిక ఎక్కడో దాచారనే అనుకుంటాడు.

తిరుపతి_టర్న్
ఇంత గొడవ ఎందుకో నాకు అర్థం కావడం లేదు. పద్మవ్యూహం నాటకానికి వెళ్లేవాడికి అభిమన్యుడు బయటికి రాడని తెలియదా? తెలిసే వెళ్తాడు, తెల్లవార్లూ కూర్చుంటాడు, ఏడుస్తాడు. కథ అంటే అదే. మార్చే అవకాశం ఉంటేనే విలువ అనడం గేమర్లకు పట్టిన జబ్బు.

కర్నూలు_కమాండర్
అభిమన్యుడి రథం నా చేతిలో లేదు తిరుపతి అన్నా. ఇక్కడ పగ్గాలు నా చేతికిచ్చి, గుర్రాలను మాత్రం వాళ్లు తోలుతున్నారు. నాటకం నాటకంలా ఆడితే నాకేం అభ్యంతరం లేదు.

బెజవాడ_బార్డ్
ఈ మాట బాగుంది.

క్వెస్ట్_రాసే_అమ్మాయి
నేను చేసే పని ఇదే, ఒక చిన్న స్టూడియోలో క్వెస్ట్‌లు రాసి స్క్రిప్ట్ చేస్తాను. కాబట్టి లోపలివైపు నుంచి చూస్తే ఎలా ఉంటుందో చెప్తా.

మాస్ ఎఫెక్ట్ 2 తీసుకోండి. డీఎల్‌సీలతో (తర్వాత విడిగా వచ్చే అదనపు భాగాలు) కలిపి జట్టులో 12 మంది. ఆఖరి మిషన్‌లో ప్రతి ఒక్కరూ బతకొచ్చు, చావొచ్చు. ఒక్కొక్కరికి రెండు దారులంటే మొత్తం 4096 కలయికలు. అన్నీ నిజంగా జరగవు, కనీసం ఇద్దరు మిగలకపోతే హీరో షెపర్డే పోతాడు. అయినా లెక్క ఎంత పెద్దదో చూడండి. ఇప్పుడు మూడో భాగం రాయాలి. ఏ ఆటగాడి సేవ్‌లో ఎవరు పోయారో తెలియదు. మరి కథకు మూలస్తంభంలాంటి పాత్ర ఎవరికి ఇస్తారు?

వాళ్లు చేసింది ఇదీ. రెక్స్ లేకపోతే క్రోగన్ల నాయకుడి కుర్చీలో రీవ్. మోర్డిన్ లేకపోతే పడోక్ విక్స్. లీజియన్ లేకపోతే ఒక గెత్ వీఐ (కంప్యూటర్ ప్రోగ్రామ్). ఆ 12 మందిలో మూడో భాగం జట్టులోకి మళ్లీ వచ్చేది గ్యారస్, టాలీ మాత్రమే, అదీ బతికుంటే. మిగతావాళ్లంతా ఒకటి రెండు మిషన్లలో కనిపించి వెళ్లిపోతారు. మిరాండాని, జాక్‌ని అంత కష్టపడి కాపాడుకుంటే మూడో భాగంలో దక్కేది నాలుగు సీన్లు. చచ్చే అవకాశం ఉన్న పాత్రకు ఆ తర్వాత పని తగ్గిపోతుంది. ప్రతి డైలాగ్ రాయాలి, రికార్డ్ చేయాలి, టెస్ట్ చేయాలి, సగం మంది దాన్ని చూడనే చూడరు.

విర్మైర్ ఆ లెక్కకు దొరికిన తెలివైన జవాబు. ఎవరు బతికినా ఒకరే మిగులుతారు. కైడన్ మిగిలితే కైడన్, ఆష్లీ మిగిలితే ఆష్లీ, ఇద్దరికీ ఒకే స్థానం. ఇద్దరూ బతికే మూడో దారి పెట్టి ఉంటే అందరూ అదే ఎంచుకునేవాళ్లు, మిగతా రెండూ వృథా అయ్యేవి.

కర్నూలు_కమాండర్
అక్కా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు, థాంక్స్. ఖర్చు అర్థమైంది. కానీ ఖర్చు వాళ్ల సమస్య, రెక్స్ సీన్ పక్కనే ఈ సీన్ పెట్టడం మాత్రం రాతలో సమస్య. కాదంటారా?

క్వెస్ట్_రాసే_అమ్మాయి
కాదనను. నేనైతే అక్కడ ఒక పర్సుయేషన్ ఆప్షన్ పెట్టి, అది ఓడిపోయేలా రాసేదాన్ని. ప్రయత్నించనిచ్చి ఓడిస్తే ఒక రకం, ప్రయత్నమే చేయనివ్వకపోతే ఇంకో రకం.

గుంటూరు_గ్రైండర్
ఓడిపోయే ఆప్షన్ పెడితే జనం పాయింట్లు సరిపోలేదనుకుని మళ్లీ మొదటి నుంచి ఆడతారు అక్కా. ఆ తర్వాత తిట్లు మీకే 😀

డల్లాస్_డ్వార్ఫ్
మూడో భాగంలో మోర్డిన్ సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? క్రోగన్లకు పిల్లలు పుట్టకుండా చేసే జీనోఫేజ్ అనే జబ్బుకి మందు చల్లడానికి టవర్ పైకి వెళ్లి పేలుడులో పోతాడు. చాలామంది అది తప్పదనే అనుకుంటారు. తప్పించొచ్చు! కాకపోతే రెక్స్ మొదటి భాగంలోనే చచ్చి, క్రోగన్ల పగ్గాలు రీవ్ చేతిలో ఉండాలి. రెండో భాగంలో ఆ మందు మీద మేలన్ అనే శాస్త్రవేత్త చేసిన పరిశోధన డేటా నాశనం చేసి ఉండాలి, అప్పుడు ఈవ్ అనే క్రోగన్ స్త్రీ కూడా బతకదు. అప్పుడు ఈ జాతికి మందు ఇవ్వకపోవడమే మంచిదని మోర్డిన్‌ని ఒప్పించొచ్చు. అతను బతుకుతాడు. ఒక జాతి మొత్తం మోసపోతుంది.

నేను ఆ దారిలో ఆడాను. మోర్డిన్ ప్రాణాలతో వెళ్లిపోతుంటే చూస్తూ, ఇతన్ని చావనిచ్చి ఉంటే మనిషిగా గెలిచేవాడు కదా అనిపించింది. తను చేసిన తప్పు తనే దిద్దుకోవాలని వచ్చినవాణ్ణి మనం ఆపేశాం. కర్నూలు బ్రో, నీకు కావాల్సిన మూడో దారి ఇలా కూడా ఉండొచ్చు.

కర్నూలు_కమాండర్
నేను ఇంకా రెండో భాగం మొదలే పెట్టలేదు 🙏

డల్లాస్_డ్వార్ఫ్
టైటిల్‌లో స్పాయిలర్లు ఉన్నాయని రాసింది నువ్వే కదా బ్రో!

రాత్రి_షిఫ్ట్
సైబర్‌పంక్ 2077లో హీరో స్నేహితుడు జాకీ. ఎలా ఆడినా ఆ దోపిడీ రాత్రి కారు వెనక సీట్లో మన పక్కనే పోతాడు. అయితే వెంటనే ఒక ప్రశ్న వస్తుంది: శవాన్ని ఎక్కడికి పంపాలి? తల్లి దగ్గరికి పంపితే తర్వాత ఆమె ఒఫ్రెండాకి (చనిపోయినవాళ్లను తలుచుకునే సభకి) పిలుస్తుంది. జాకీ గరాజ్‌లో అతని వస్తువులు చూసి, ఒకటి తీసుకెళ్లి అక్కడ పెట్టి, అందరి ముందూ నాలుగు మాటలు చెప్పాలి. డాక్టర్ విక్టర్ దగ్గరికి పంపితే అరసాకా కంపెనీ వాళ్లు శవాన్ని ఎత్తుకుపోతారు.

చావు మన చేతిలో లేదు. చనిపోయినవాడికి ఏం చేయాలన్నది మన చేతిలో ఉంది. నాకు ఇది విర్మైర్ కంటే చాలా నచ్చింది. ఎందుకంటే నిజం జీవితంలో కూడా మనకు దక్కేది ఆ రెండోదే.

ఓరుగల్లు_రోగ్
అదే గేమ్‌లో మనకు తోడుండే తాకెమురా. దాడి జరిగి నేల కూలుతుంది, మన తలలో మాట్లాడే జానీ ఏమో వెళ్లిపో వెళ్లిపో అని తొందరపెడుతూనే ఉంటాడు. వాడి మాట వినకుండా వెనక్కి వెళ్లి పోరాడితే తాకెమురా బతుకుతాడు. మా కజిన్ ఆ గేమ్ మొత్తం పూర్తి చేశాడు, అతన్ని కాపాడొచ్చని నేను చెప్తే నమ్మలేదు. సేవ్ తెరిచి చూపించాను.

తిరుపతి_టర్న్
చూశారా, ఇది ఇంకో రకం తలనొప్పి. ఎక్కడో ఒకచోట ఇలా దాచిపెడితే, ఇక ప్రతి చావు దగ్గరా గైడ్ తెరిచి చూసుకోవాల్సిందే. బాధపడే టైమ్ ఎక్కడిది?

బెజవాడ_బార్డ్
తిరుపతి గారితో మొదటిసారి ఏకీభవిస్తున్నా. విచర్ 3 ఆడేటప్పుడు నాకు ఇదే టెన్షన్. బ్లడీ బారన్ కథ నడుస్తున్నంతసేపూ అడుగు తీసి అడుగు వేయాలంటే భయం. చెట్టు కింద బందీగా ఉన్న ఆత్మని విడిపిస్తే అనాథ పిల్లలు బతుకుతారు, బారన్ భార్య ఆన్నా చస్తుంది, బారన్ ఉరేసుకుంటాడు. ఆత్మని చంపేస్తే పిల్లలు పోతారు, బారన్ మతి పోయిన భార్యని తీసుకుని వైద్యం కోసం బయల్దేరతాడు. ఆ చెట్టు దగ్గర నిలబడినప్పుడు ఇవేవీ మనకు తెలియవు. తెలియకపోవడమే ఆ కథ గొప్పదనం. నేను గైడ్ ముట్టుకోలేదు, ఉరితాడు చూశాను, రీలోడ్ చేయలేదు.

అదే గేమ్‌లో హీరో గురువు వెసెమిర్ చావుకి ఎంపిక లేదు. కానీ ఆ తర్వాత హీరో పెంచిన అమ్మాయి సిరితో మనం ఎలా ఉంటామన్నది ఎండింగ్‌ని నిర్ణయిస్తుంది. దిగులుగా కూర్చున్న పిల్లకు తాగమని గ్లాసు ఇస్తామా, మంచు ఉండలతో కొట్టుకుని ఆడుకుంటామా అన్న చిన్న విషయం కూడా లెక్కలోకి వస్తుంది.

గుంటూరు_గ్రైండర్
డ్రాగన్ ఏజ్ 2 (2011) గురించి చెప్పండ్రా ఎవరైనా. మేజ్‌గా (మంత్రాలు వాడే పాత్రగా) మొదలుపెడితే చెల్లి బెథనీ పోతుంది, వారియర్ లేదా రోగ్ అయితే తమ్ముడు కార్వర్ పోతాడు. క్లాస్ ఎంచుకునే స్క్రీన్ మీదే ఒకరి ప్రాణం తీసేశాను, నాకే తెలియదు! కత్తి బాగుందని వారియర్ తీసుకున్నానంతే.

క్వెస్ట్_రాసే_అమ్మాయి
అది జట్టు సమతూకం కోసం చేసింది గ్రైండర్ గారూ. మీరు మేజ్ కాకపోతే మేజ్ అయిన బెథనీ మిగలాలి. మీరే మేజ్ అయితే కత్తి పట్టే కార్వర్ మిగలాలి. నాకు మాత్రం ఆ గేమ్‌లో తల్లి లియాండ్రా చావే గుర్తుండిపోయింది. ఏం చేసినా ఆపలేం. అంత పేరు, అంత ఇల్లు సంపాదించిన హీరో సొంత తల్లిని కాపాడుకోలేకపోయాడన్నది ఆ కథలో ముఖ్యమైన మలుపు. అక్కడ రెండు బటన్లు పెట్టి ఉంటే పాడైపోయేది.

వైద్యశాల_రేంజర్
రెడ్ డెడ్ రిడెంప్షన్ 2 ఆర్పీజీ (పాత్రని పెంచుకుంటూ ఆడే గేమ్) కాదని కొట్టొద్దు, దాని హీరో ఆర్థర్ మోర్గన్ గురించి చెప్పకుండా ఉండలేను. అప్పు వసూలుకి వెళ్లి థామస్ డౌన్స్‌ని కొడతాడు, అతని దగ్గు ఆర్థర్ మొహం మీద పడుతుంది. ఆ మిషన్ తప్పించుకోవడం కుదరదు. చాలా గంటల తర్వాత సెయింట్ డెనీలో డాక్టర్ టీబీ అని చెప్తాడు.

మా పెదనాన్నకి టీబీ వచ్చింది. ఆరు నెలల మందుల కోర్సు పూర్తి చేశాడు, ఇప్పుడు పొలం వెళ్తున్నాడు. ఆర్థర్ కథ జరిగేది 1899లో. ఆ క్రిమిని కోచ్ 1882లోనే కనిపెట్టాడు, పనిచేసే మందు మాత్రం 1940ల దాకా రాలేదు. కాబట్టి ఆర్థర్‌కి ఏ డైలాగ్ ఆప్షనూ ఉండదు, ఉండకూడదు కూడా. మిగిలిన రోజులు మంచివాడిగా బతికాడా లేదా అన్నదాన్ని బట్టి ఎలా పోతాడన్నది మాత్రం మారుతుంది. హానర్ (మంచితనం లెక్క) ఎక్కువగా ఉంచుకుని స్నేహితుడు జాన్‌కి తోడుగా వెళ్తే, కొండ మీద సూర్యోదయం చూస్తూ కన్ను మూస్తాడు. ఆ ఆఖరి ప్రయాణంలో నా గుర్రం కూలిపోయినప్పుడు ఆర్థర్ దాని మెడ నిమిరి థాంక్యూ అంటాడు. నేను గేమ్ ఆపేసి బయటికి వెళ్లిపోయాను.

ఓరుగల్లు_రోగ్
గుర్రం మాట ఎత్తావేంటి రేంజర్ అన్నా, ఆఫీసులో ఉన్నాను.

కర్నూలు_కమాండర్
రేంజర్ గారి పోస్ట్ చదివాక నేను చెప్పాలనుకున్నది నాకే ఇంకా స్పష్టమైంది. ఆర్థర్ చావుకి కారణం ఆ లోకంలోనే ఉంది. ఏరిత్‌ది కూడా అంతే, సెఫిరాత్ ఆమె కోసం వస్తున్నాడని కథ ముందే చెప్తుంది. అలాంటి చావు ఎంత గట్టిగా కొట్టినా నేను తీసుకుంటాను. డిజైనర్ టేబుల్ మీద పుట్టిన కారణాన్ని నాకు ఎంపిక అని చూపిస్తేనే మండుతుంది.

హైటెక్‌సిటీ_హీలర్
అయితే నీ కోపానికి సరైన గేమ్ ఫాల్అవుట్ 3 (2008), విర్మైర్ కాదు. చివర్లో నీళ్లు శుద్ధి చేసే యంత్రం ఆన్ చేయాలి, గది నిండా రేడియేషన్. వెళ్లినవాళ్లు చస్తారు. నా పక్కన ఫాక్స్ ఉన్నాడు. సూపర్ మ్యూటెంట్, రేడియేషన్ అతన్ని ఏమీ చేయదు. అంతకుముందు వాల్ట్ 87లో రేడియేషన్ నిండిన గదిలోకి వెళ్లి గెక్ అనే పరికరం తెచ్చిచ్చింది అతనే! ఇక్కడ మాత్రం ఇది నీ విధి, నువ్వే వెళ్లాలంటాడు. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆటగాళ్లంతా గోల చేశారు. 2009లో బ్రోకెన్ స్టీల్ అనే డీఎల్‌సీ వచ్చింది. అందులో ఫాక్స్‌ని పంపొచ్చు, మనమే వెళ్లినా చావం, కథ కొనసాగుతుంది. అంటే డబ్బులు పెట్టి కొన్నవాడికి ప్రాణం, కొననివాడికి చావు.

గుంటూరు_గ్రైండర్
ప్రాణం కూడా డీఎల్‌సీలోనా 😭

పాత_డిస్క్
ఇదొక్కటి నేను కూడా సమర్థించను. లోకం నియమాలు గేమే పెట్టి, ఆఖరి నిమిషంలో గేమే పక్కన పెట్టేసింది.

డల్లాస్_డ్వార్ఫ్
మోరోవిండ్ (2002) పద్ధతి నాకు నచ్చుతుంది. కథకు అవసరమైన మనిషినైనా చంపొచ్చు. చంపితే, నీ విధి తెగిపోయింది, పాత సేవ్ తెరువు లేదా నువ్వే పాడుచేసిన ఈ లోకంలో ఇలాగే బతుకు అని మెసేజ్ వస్తుంది. అదే సిరీస్‌లో స్కైరిమ్‌కి వచ్చేసరికి అలాంటివాళ్లు చావనే చావరు, మోకాళ్ల మీద కూలబడి కాసేపటికి లేస్తారు. ఎంత కొట్టినా లేచే మనిషిని చూస్తే ఆ లోకం మీద నమ్మకమే పోతుంది.

బెజవాడ_బార్డ్
బాల్డర్స్ గేట్ 3లో ఆల్ఫీరా అనే బార్డ్ గురించి కూడా రాయాలి, నా హ్యాండిల్ పేరే బార్డ్ కాబట్టి. డార్క్ అర్జ్‌గా (చంపాలనే కోరిక వెంటాడే హీరోగా) ఆడితే, క్యాంప్‌లో పడుకుని లేచేసరికి ఆ పాటల పిల్ల శవమై ఉంటుంది. చంపింది మనమే, నిద్రలో. ఆపే ఆప్షన్ లేదు. కానీ ముందే ఆమెని ప్రాణం తీయకుండా కొట్టి స్పృహ తప్పిస్తే ఆ రాత్రి ఆమె రాదు. బతికిపోతుంది. బదులుగా క్విల్ అనే డ్రాగన్‌బోర్న్ బార్డ్ వస్తుంది, ఆమె చస్తుంది.

గేమ్ చేసిన లారియన్ వాళ్లు మన ఆలోచన ముందే పసిగట్టారు. నీ లోపల హంతకుడు ఉన్నాడు, పేరు మార్చగలవు తప్ప వాణ్ణి ఆపలేవు అన్నారు. తప్పించుకోలేని చావుని ఇంత నిజాయితీగా ఇంకెక్కడా చూడలేదు నేను.

రాత్రి_షిఫ్ట్
అదే గేమ్‌లో కార్లాక్ కూడా. గుండె స్థానంలో నరకపు ఇంజిన్. కమ్మరి డామన్ దాన్ని రెండుసార్లు బాగుచేస్తే ముట్టుకునేంతవరకు వస్తుంది, పూర్తిగా నయం మాత్రం కాదు. మొదట వచ్చిన ఎండింగ్ మరీ హడావిడిగా ఉందని జనం బాధపడితే, కొన్ని వారాల్లోనే ప్యాచ్‌లో పెంచారు. అయినా పూర్తి వైద్యం ఇవ్వలేదు. అవెర్నస్ అనే నరకానికి తోడుగా వెళ్లే దారి మాత్రం ఇంకా బాగా రాశారు. అడిగినంతా ఇవ్వకుండా, అడిగినవాళ్ల బాధ మాత్రం విన్నారు. నాకు అది సరైన పద్ధతి అనిపించింది.

కొత్త_కంట్రోలర్
ఎక్స్‌పెడిషన్ 33లో మొదటి యాక్ట్ చివర గుస్తావ్ పోయినప్పుడు అతని మీద పెట్టిన పాయింట్లన్నీ అతని స్థానంలో వచ్చే వెర్సోకి వచ్చేస్తాయి. ఏరిత్ మీద పెట్టిన శ్రమలా గంగలో కలవదు.

ఓరుగల్లు_రోగ్
బాబూ 2025 గేమ్ అది! ఈ వారమే మొదలుపెట్టాను నేను!

కొత్త_కంట్రోలర్
సారీ అన్నా. టైటిల్‌లో చాలా గేముల స్పాయిలర్లని ఉంటే రాశాను. గుస్తావ్ ఆయుధాలన్నీ బాగా పెంచుకో, అది మాత్రం వృథా కాదు.

పాత_డిస్క్
ఆ మార్పు గురించి నాకు రెండు మనసులు. గ్రైండింగ్ (పాయింట్ల కోసం పదేపదే పోరాడడం) వృథా కాకపోవడం న్యాయమే. కానీ ఏరిత్ పోయాక హీలింగ్‌కి ఎవరిని వాడాలో తెలియక తడుముకున్న ఆ కొన్ని గంటలు ఉన్నాయి చూశారా, ఆమె లేని లోటు కథలో కంటే అక్కడే ఎక్కువ తెలిసింది. యుద్ధం మధ్యలో ఆమె పేరు కోసం కన్ను వెతికేది.

మానుకోట_మేజ్
అందరూ చంపడం గురించే రాస్తున్నారు. చావు తప్పదని చూపించి, శ్రమపడితే వెనక్కి ఇచ్చే గేమ్ ఒకటుంది, సుయికోడెన్ (1995). హీరోని చిన్నప్పటి నుంచి పెంచిన గ్రెమియో, సొనియెర్ జైలులో మనుషుల్ని తినే బూజు వదిలినప్పుడు తలుపు అవతల తను ఉండిపోయి గడి వేసేస్తాడు. తలుపు తెరిస్తే బట్టలు, గొడ్డలి మాత్రమే మిగులుతాయి. అక్కడ ఏ ఆప్షనూ లేదు. కానీ జట్టులో చేర్చుకోగల 108 మందినీ ఒక్కరు తగ్గకుండా కూడగడితే, ఆఖరి యుద్ధానికి ముందు గ్రెమియో తిరిగొస్తాడు. బటన్ నొక్కితే కాదు, ఆట మొత్తం ఎలా ఆడావన్న దాన్ని బట్టి.

కర్నూలు_కమాండర్
ఇది కదా నేను అడిగింది. పీసీలో ఉందా?

మానుకోట_మేజ్
ఉంది. మొదటి రెండు భాగాలూ కలిపి 2025 మార్చిలో హెచ్‌డీ రీమాస్టర్ వచ్చింది.

ఒక్క జాగ్రత్త. మధ్యలో పాన్ అనేవాడు మన కోసం వెనక ఆగి శత్రు సేనాని టియోతో ఒంటరిగా తలపడతాడు. ఆ ద్వంద్వ యుద్ధం ఆడేది నువ్వే. ఓడితే పాన్ పోతాడు, 108 లెక్క తప్పుతుంది, గ్రెమియో కూడా ఇక రాడు. కాబట్టి పాన్ మీద కోపం ఉన్నా (ఎందుకో ఆడితే తెలుస్తుంది) అతని లెవెల్ పెంచు, కమ్మరి దగ్గర ఆయుధం పదును పెట్టించు. యుద్ధంలో టియో ప్రతి దెబ్బకి ముందు ఒక మాట అంటాడు. ఆ మాటని బట్టి కొట్టబోతున్నాడా, కాచుకోబోతున్నాడా అని పట్టుకోవచ్చు. తొందరపడి బటన్ నొక్కకుండా అది చదువు. సేవ్ మాత్రం వేరే స్లాట్‌లో పెట్టుకో.